ఆటలో తీర్పు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయపు పండుగనాడు ఆటలను గూర్చి మాటాడుట యెందులకని పెద్దలకు తోచవచ్చును. దీనికి నా సమాధానము చిన్నది. గ్రంథాలయమునకు వచ్చు పిల్లవాడును, ఆటస్థలమునకు పోవు పిల్లవాడును ఒక్కడే. ఇచ్చట ఉదయము చదివిన నీతి అచ్చట సాయంకాలము పరీక్షకు వచ్చును. యువకులకు పనికివచ్చు విషయ మేదైన చెప్పుడని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, మన గ్రామములలో ఇటీవల పెరుగుచున్న ఒక చిక్కు నాకు స్ఫురించెను. దానినే ఈనాటి ప్రసంగమునకు విషయముగా గ్రహించితిని.

సంక్రాంతికి చెడుగుడు పోటీలు, వేసవిలో క్రికెట్టు పోటీలు జరుగని గ్రామము మన వైపున అరుదు. పూర్వము తీర్పరి ‘ఔటు’ అన్నచో ఆటగాడు గొణుగుకొనుచునైనను బయటకు పోవుచుండెను. ఇప్పుడు గట్టుమీద నిలిచిన పదిమంది చేతులలోను సెల్‌ఫోనులున్నవి. తీర్పరి ఈల నోటినుండి తీయకమునుపే ఫోను ఆయన ముఖము ముందునకు వచ్చుచున్నది. ‘ఇదిగో చూడుము, కాలు గీత దాటలేదు’ అని యొకడు. ‘నా ఫోనులో దాటినది’ అని మఱియొకడు. ఆట పది నిమిషములు, వాదము అరగంట. ఫలితమేమనగా, ఈల పట్టుటకు ఊరిలో మర్యాదస్థుడు ముందుకు వచ్చుటకు జంకుచున్నాడు. తీర్పరి లేని ఆట ఎన్నాళ్లు సాగును?

కనుక మనము విచారింపవలసిన ప్రశ్న యిది. జరిగినదానిని జరిగినట్లు మరల చూపు యంత్రము మన చేతికి వచ్చినది. దీనిని రీప్లే అనుచున్నారు. ఇది వచ్చినందున ఆటలో న్యాయము పెరిగినదా, తగవు పెరిగినదా? నా అభిప్రాయమును ముందే మనవి చేసెదను. యంత్రము కంటికి సాయము చేయును. కాని ఆటలో న్యాయము నిలుచుటకు మఱి మూడు కావలెను: ముందుగా తెలిసిన నియమము, తప్పును సకాలమున దిద్దుకొను తీర్పరి, తనకు మాత్రమే తెలిసిన సత్యమును తానే చెప్పు ఆటగాడు. ఈ మూడును లేనిచోట ఎన్ని ఫోను లున్నను తగవే మిగులును.

ఈ విచారణను మన ఊరి ఆటతో గాక, దూరపు ఆట యొకదానితో మొదలుపెట్టెదను. దూరపు ఆటలో మన పక్షము, వారి పక్షము అను పట్టుదల యుండదు గదా! పూల్ అను ఆట యొకటి కలదు. పచ్చని గుడ్డ పరచిన పెద్ద బల్ల, దానికి ఆరు సంచులు, రంగురంగుల బంతులు, ఒక తెల్లబంతి, దానిని పొడుచుటకు పొడవైన కర్ర. మన గోలీలాటయు, క్యారమ్స్ ఆటయు కలిసి పెద్దవైనచో ఎట్లుండునో అట్లుండును. అమెరికాలోను, ఫిలిప్పీను దీవులలోను దీనిని వృత్తిగా ఆడి జీవించువారు కలరు.

దీని దాయాది యగు స్నూకరు మన దేశముననే పుట్టినది. 1875లో జబల్పూరు సైనికశిబిరమున నెవిల్ చాంబర్లేన్ అను అధికారి దానిని కల్పించెననియు, తరువాత ఉదకమండలము క్లబ్బులో దాని నియమములు స్థిరపడెననియు ప్రసిద్ధి. మఱియొక దాయాది బిలియర్డ్సు. 1958లో కలకత్తాలో జరిగిన ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్సు పోటీలలో విల్సన్ జోన్సు గెలుపొందెను. వ్యక్తిగత క్రీడలలో ప్రపంచ విజేతయైన మొదటి భారతీయునిగా ఆయనను చెప్పుకొందురు. కావున ఈ బల్ల ఆటలు మనకు పూర్తిగా పరాయివి కావు.

పూల్‌లో తొమ్మిది బంతుల ఆట యొకటి. బల్లమీద మిగిలిన బంతులలో అతి చిన్న సంఖ్య గలదానిని తెల్లబంతి ముందుగా తాకవలెను. రెండు బంతులు ప్రక్కప్రక్కన ఉన్నప్పుడు తెల్లబంతి దేనిని ముందు తాకెను? ఇది రెప్పపాటులో సగము వ్యవహారము. తెల్లబంతికిని, ఎదుటి బంతికిని నడుమ వ్రేలు పట్టు సందు కూడ లేనప్పుడు కర్రమొన తెల్లబంతిని ఒక్కమారు తాకెనా, రెండుమార్లు తాకెనా? రెండుమార్లు తాకినచో ఫౌలు. అప్పుడు ఎదుటివాడు తెల్లబంతిని తనకు నచ్చిన చోట పెట్టుకొని ఆడును. సమానులైన ఆటగాండ్ర నడుమ ఆ యొక్క ఫౌలుతో ఆట చేయి దాటిపోవును. గోలీలాటలో ‘తగిలినది, తగులలేదు’ అని మనము పెట్టుకొను తగవే అచ్చట ధనముతోను, కీర్తితోను ముడిపడియున్నది.

దీనికి వారు చేసికొనిన ఏర్పాటు గమనింపదగినది. ఇట్టి చిక్కు దెబ్బ రాబోవుచున్నదని తోచినప్పుడు, కూర్చున్న ఆటగాడు ముందుగానే లేచి, ‘అయ్యా, ఈ దెబ్బను దగ్గరనుండి చూడుడు’ అని రిఫరీని పిలువవలెను. రిఫరీ వచ్చి వంగి బల్ల అంచున కన్ను పెట్టి చూచును. దెబ్బ కొట్టిన పిమ్మట కేకలు వేసి లాభము లేదు. ఎవ్వరును చూడని దెబ్బ విషయములో కొట్టినవాని మాటకే విలువ. తీరని సందేహము వచ్చినచో దాని లాభము కొట్టినవానికే. ఇందులో ఎంత లోకజ్ఞాన మున్నదో చూడుడు! తగవు పుట్టకముందే సాక్షిని నిలుపుకొనుము. నిలుపుకొననిచో ఎదుటివాని సత్యమును నమ్ముము.

ఈ బల్ల ఆటలలో మఱియొక మర్యాద కలదు. వంగి ఆడునప్పుడు చొక్కా అంచో, చేతి వ్రేలో బంతిని ఇంచుక తాకును. రిఫరీ ఆ వైపున లేడు. కెమెరా పైనుండి చూచుచున్నది. ఎదుటివాడు నీళ్లు త్రాగుచున్నాడు. తాకినట్లు తెలిసినవాడు లోకములో ఒక్కడే. ఆ యొక్కడే నిలువబడి, ‘తాకినది, ఫౌలు’ అని తనమీద తానే తీర్పు చెప్పుకొనును. స్నూకరు ఆటగాండ్రలో ఇది గొప్ప త్యాగముగా గాక నిత్యాచారముగా చెల్లుచున్నది. చెప్పనివానిని తోటివారు తక్కువగా చూతురు. ఇప్పుడు స్నూకరు రిఫరీలకు రీప్లే తెర కూడ తోడువచ్చినది. చెదరిన బంతులను పూర్వపు స్థానములలో మరల పెట్టవలసివచ్చినప్పుడు ఆ చిత్రమును చూచి సరిపెట్టుదురు. కాని చొక్కా అంచు మాట చెప్పుటకు నేటికిని ఆటగాని నోరే ఆధారము.

ఇక మన పిల్లలందరు ఎరిగిన క్రికెట్టునకు వత్తము. 1992 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమున మన జట్టు ఆడిన టెస్టులో, మైదానమునకు వెలుపల కూర్చుండి టెలివిజను చిత్రమును చూచి తీర్పు చెప్పు మూడవ అంపైరు పద్ధతి మొదలయ్యెను. ఆ పద్ధతిన రనౌటైన తొలి ఆటగాడు మన సచిన్ టెండూల్కరే. బంతి తిరుగు మార్గమును గణించు యంత్రములతో కూడిన పునస్సమీక్ష 2008లో శ్రీలంకలో మనవారాడిన టెస్టులలో తొలిసారి ప్రయోగింపబడెను. ఆ ప్రయోగము మనకు రుచింపలేదు. చాలయేండ్లు మన బోర్డు దానిని నిరాకరించి, 2016లో ఇంగ్లండు జట్టు వచ్చినప్పుడు గాని సమ్మతింపలేదు.

ఈ పద్ధతిలో ‘అంపైర్స్ కాల్’ అను ఏర్పాటు కలదు. కాలికి తగిలిన బంతి వికెట్టు వైపునకే పోయెడిదని యంత్రము చూపినను, బంతిలో సగముకన్న తక్కువ భాగమే వికెట్టును తాకునట్లు కనిపించినచో, మైదానములోని అంపైరు మొదట చెప్పిన తీర్పే నిలుచును. ఏలయన, ఆగిపోయిన బంతి ముందునకు ఎట్లు పోయెడిదో యంత్రము చూచినది కాదు, లెక్కకట్టినది. లెక్కలో స్వల్పమైన సందేహము ఉండి తీరును. యంత్రమును నెలకొల్పినవారే దాని హద్దును ఒప్పుకొని మనిషికి చోటు విడిచిరి. 2020 జూనులో ఇంగ్లండులో ఆస్టన్ విల్లా, షెఫీల్డు యునైటెడు జట్ల నడుమ జరిగిన ఫుట్‌బాలు ఆటలో బంతిని పట్టుకొని గోలుకీపరు గీత దాటిపోయెను. అయినను కెమెరాల కన్నింటికి ఆటగాండ్ర దేహములును, స్తంభమును అడ్డువచ్చి యంత్రము గోలును గుర్తింపలేకపోయెను. యంత్రమును నడపిన సంస్థ క్షమాపణ చెప్పుకొనెను. కెమెరాకును కనురెప్ప కలదని దీనివలన తెలియుచున్నది.

ఇంతవరకు చెప్పినవి దూరపు కథలు. ఇక మన తెలుగువారికి చేరువైన మూడు ఘట్టములను మీ ముందుంచెదను. మూడును గడచిన కొద్ది యేండ్లలోనివే. మూడింటి ఫలితములును మూడు విధములు.

మొదటిది విశాఖపట్టణమునకు చెందిన జ్యోతి యర్రాజి కథ. సామాన్య కుటుంబమున పుట్టి అడ్డంకుల పరుగులో దేశములోనే మేటియైన యువతి. 2023 అక్టోబరు 1వ తేదీన చైనాలోని హాంగ్జౌ నగరమున ఆసియా క్రీడలలో నూరు మీటర్ల అడ్డంకుల పరుగు తుదిపోటీ. తుపాకి మ్రోగకముందే ప్రక్క వరుసలోని చైనా క్రీడాకారిణి వూ యన్నీ కదలెను. ఆ కదలికను చూచి జ్యోతియు కదలెను. ఈ పరుగులలో తుపాకి మ్రోగిన తరువాత సెకనులో పదవ వంతుకన్న ముందు కదలినను దోషమే, పందెమునుండి తొలగింతురు. అధికారులు వూ యన్నీతోపాటు జ్యోతిని కూడ తొలగింపజూచిరి.

ఆమె ఏడ్చుచు వెడలిపోలేదు. ఎవ్వరిని దూషింపనూ లేదు. ‘ముందు కదలినది నేను కాను, చిత్రము చూడుడు’ అని పట్టుబట్టి నిలిచెను. అంతటి సభలో, పరాయి దేశమున, తన భాష ఎరుగనివారి నడుమ, నాలుగేండ్ల శ్రమ ఒక్క నిమిషములో నీటిపాలగుచుండగా నిబ్బరముగా మాటాడుట సామాన్యము కాదు. అధికారులు చిత్రమును మరల మరల చూచి, తుది నిర్ణయమును తరువాతకు నిలిపి, ఇరువురను పరుగెత్తనిచ్చిరి. జ్యోతి 12.91 సెకనులలో మూడవదిగా వచ్చెను. పందెమైన పిమ్మట వూ యన్నీ దోషము స్థిరపడి ఆమె తొలగింపబడగా, జ్యోతికి రజతపతకము లభించెను. రజతోత్సవమున చెప్పదగిన రజతపు కథ! ఇచ్చట యంత్రమున్నది, దానిని చూచుటకు సమ్మతించిన అధికారులున్నారు, మర్యాద తప్పక తన పక్షమును చెప్పుకొనిన క్రీడాకారిణి యున్నది. న్యాయము సకాలమున జరిగెను.

రెండవది మన పూసర్ల వెంకట సింధు కథ. 2022 ఏప్రిలు 30వ తేదీన ఫిలిప్పీను రాజధాని మనీలాలో ఆసియా బ్యాడ్మింటను పోటీల సెమీఫైనలు. ఎదుట జపాను క్రీడాకారిణి అకానె యమగూచి. తొలి గేమును సింధు 21-13తో గెలిచెను. రెండవదానిలో 14-11తో ముందంజలో నుండగా, సర్వీసు చేయుటకు ఆలస్యము చేయుచున్నదని అంపైరు ఆమెకు శిక్షగా ఒక పాయింటును ఎదుటివారికిచ్చెను. ఎదుటి క్రీడాకారిణి సిద్ధముగా లేనందుననే తాను ఆగితినని సింధు చెప్పెను. ముఖ్య రిఫరీ వచ్చెను. చిత్రమునైనను చూచి నిర్ణయింపవలసినదని ఆమె వాదించెను. ఫలితము లేకపోయెను. మనసు చెదరినది, ఆ గేము 19-21, తరువాతి గేము 16-21. కాంస్యముతో తిరిగివచ్చెను.

ఆమె పక్షమున ఫిర్యాదు వెడలెను. రెండు నెలలు దాటిన తరువాత, జూలైలో, ఆసియా బ్యాడ్మింటను సాంకేతిక సంఘాధ్యక్షుడు అది మానవ తప్పిదమని ఒప్పుకొని, దిద్దుటకు ఇప్పుడు వీలులేదని తెలిపి, క్షమాపణ కోరుచు లేఖ వ్రాసెను. తప్పు ఒప్పుకొనుట పెద్దమనిషి లక్షణమే; ఆ లేఖను నేను తక్కువ చేయను. కాని సోదరులారా, పంట ఎండిన తరువాత వచ్చిన వాన వంటిది ఆ లేఖ. ఆ సమయమున రెండు నిమిషములు ఆగి చూచినచో చాలియుండెడిది. ఈ లోపాయికారీ నష్టము పాయింటు ఒక్కటి కాదు, నమ్మకము చెదరుట. బ్యాడ్మింటనులో గీత దాటినదా లేదా అనుదానిని యంత్రముతో సమీక్షించు పద్ధతి 2014లో మన దేశమున జరిగిన ఇండియా సూపర్ సిరీస్ పోటీలలోనే లాంఛనముగా ప్రవేశించినది. అనగా యంత్రము గీతను చూచుటకు ఏర్పడియుండెను. తీర్పరి తొందరపాటును చూచుటకు ఏర్పడియుండలేదు. మఱి సింధు ఏమి చేసెను? ఆట మానలేదు. ఆ యేడు ఆగస్టులోనే బర్మింగుహాములో కామన్వెల్తు క్రీడల స్వర్ణము గెలిచెను.

మూడవది మన చెడుగుడు కథ. అదే హాంగ్జౌ ఆసియా క్రీడలలో 2023 అక్టోబరు 7వ తేదీన పురుషుల కబడ్డీ తుదిపోటీ, భారత ఇరాను జట్ల నడుమ. నాయకుడు పవన్ సెహ్రావత్. ఢిల్లీ బిడ్డయైనను, తెలుగు టైటన్స్ జట్టు తరఫున ఆడినవాడగుటచే మన పిల్లలకు సుపరిచితుడు. ఒకటి రెండు నిమిషముల ఆట మాత్రమే మిగిలియుండగా స్కోరు 28-28. పవన్ కూతకు పోయి, ఎవ్వరిని తాకకయే ప్రక్కనున్న లాబీలో అడుగుపెట్టెను. అతనిని పట్టబోయి ఇరాను ఆటగాండ్రు కొందరు వెంట లాబీలోనికి పోయిరి. ఒక నియమము ప్రకారము తాకుడు లేకుండ లాబీలో అడుగిడిన వారందరును ఔటు. మఱియొక కొత్త నియమము ప్రకారము కూతకు పోయినవాడొక్కడే ఔటు. ఆట అంతటితో నిలుచును. ఏ నియమము చెల్లవలెను?

చిత్రము స్పష్టముగానే యున్నది. ఎవ్వరి పాదము ఎచ్చట పడెనో లోకమంతయు చూచెను. అయినను తీర్పు ఒకమారు అటు, ఒకమారు ఇటు మారుచు, ఆట దాదాపు గంటసేపు నిలిచిపోయెను. ఆటగాండ్రు చాపమీద కూర్చుండి నిరసన తెలిపిరి. కడకు మనవారు 33-29తో గెలిచిరి. గెలుపు మనది గనుక సంతోషింతము. కాని పాఠమును మరువరాదు. కెమెరా ‘ఏమి జరిగినది’ అని చెప్పగలదు. ‘జరిగినదానికి అర్థమేమి’ అని చెప్పజాలదు. ఆ అర్థము చెప్పవలసినది నియమము. నియమము ఆటకుముందు స్థిరపడియుండనిచో, వేయి కన్నుల దేవేంద్రుడు వచ్చి చూచినను తగవు తీరదు.

ఈ మూడు కథలలో ఒక మాట మీకు తోచియుండవచ్చును. క్రీడాధర్మమనగా నోరు మూసికొని తలవంచుట కాదు. జ్యోతియు, సింధువును ఎదురుచెప్పిరి. వారు ధర్మము తప్పలేదు. ఎదురుచెప్పుటకు ఒక పద్ధతి కలదు: సంబంధించినవానికి, సకాలమున, మర్యాదతో చెప్పుట. చెప్పిన పిమ్మట తుది తీర్పు వచ్చినచో దానిని శిరసావహించి ఆట కొనసాగించుట. గట్టుమీదనుండి ఫోను ఊపుట ఎదురుచెప్పుట కాదు; తీర్పరిని అవమానించుట.

ఇక తనకు లాభము వచ్చిన తప్పును గూర్చి ఏమి చేయవలెను? అసలు పరీక్ష ఇచ్చటనే. మన పొరుగు కన్నడసీమకు చెందిన గుండప్ప విశ్వనాథ్ 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండుతో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో మన జట్టు నాయకుడు. ఇంగ్లండు అయిదు వికెట్లు కోల్పోయి 58 పరుగులతో కష్టములలో నుండెను. అప్పుడు బాబ్ టేలర్ బ్యాటునకు బంతి తగిలి వెనుక పట్టుబడెనని అంపైరు ఔటు చెప్పెను. తగులలేదని టేలర్ ముఖమే చెప్పుచుండెను. విశ్వనాథ్ తన వారిని విచారించి, తమ కోరికను ఉపసంహరించుకొని టేలర్‌ను మరల పిలిచెను. పిమ్మట టేలర్, బోథం కలిసి 171 పరుగులు చేర్చిరి. మనవారు పది వికెట్ల తేడాతో ఓడిరి.

‘చూచితిరా, మంచితనమునకు ఓటమి!’ అని మన యువకులలో కొందరు అనవచ్చును. నిజమే, ఓడిరి. దానిని దాచను. మంచివాడు ఎల్లప్పుడు గెలుచునని చెప్పినచో అది పిల్లలను మోసగించుటయే యగును. కాని నలువది యేండ్లు దాటిన తరువాత ఆ టెస్టు మాట వచ్చినప్పుడు విశ్వనాథ్ పేరు గౌరవముతో చెప్పుకొనుచున్నాము. నాడు అచ్చట రీప్లే చూచి తీర్పు మార్చు పద్ధతి లేదు. ఉన్నది ఒక్క మనిషి మనసు మాత్రమే. అది చాలెను.

మనము అలిపిరివారము. కొండ కాలిబాట మన ముంగిటినుండియే మొదలగుచున్నది. మూడువేల అయిదువందలకు పైబడిన మెట్లు ఎక్కెదమని మ్రొక్కుకొని ఎందరో వత్తురు. వారిలో కొందరు స్త్రీలు మెట్టుమెట్టునకు పసుపు పూసి కుంకుమ పెట్టుచు పోవుట మీరు నిత్యము చూచుచున్నదే. ఒక మెట్టు విడిచినచో లెక్కించు తీర్పరి యున్నాడా? చిత్రము తీసి చూపు యంత్రమున్నదా? నడుము నొచ్చుచున్నను ఆ తల్లి మెట్టు విడువదు. ఏలయన, ఆ మ్రొక్కు ఎవ్వరికో చూపుటకు మ్రొక్కినది కాదు. ఆటలో దిగుటయు ఒక విధముగా మ్రొక్కువంటిదే. ‘ఈ నియమములకు లోబడి గెలువజూచెదను’ అని మనసున అనుకొనియే గీతలోపల కాలు పెట్టుచున్నాము. చూచువాడు లేడని నియమము విడిచినచో, గెలిచినది ఏమి? గెలుపను పేరు తప్ప ఏమియు మిగులదు.

ఇక ఆచరణకు వత్తము. మన ఊరి పోటీలకు నేను కొన్ని సూచనలు చేసెదను. యువజనులు విచారించి తగినవి గ్రహింతురు గాక.

మొదటిది: ఆట మొదలగుటకు ముందు నియమములను ఒక కాగితముపై వ్రాసి ఇరుజట్ల ఎదుట బిగ్గరగా చదువవలెను. లాబీ మాట, గీత మాట, ఆలస్యము మాట అన్నియు అందుండవలెను. హాంగ్జౌలో గంట పట్టిన చిక్కు మన ఊరిలో అయిదు నిమిషముల చదువుతో తీరును. ఆ కాగితమును గ్రంథాలయమున భద్రపరుపుడు.

రెండవది: ఫోను చిత్రమును చూచుటయా, మానుటయా అనునది ముందే నిర్ణయించుకొనుడు. చూచుట యైనచో, గీతకు సరిగా ఎదురుగా నిలిపిన ఒక్క ఫోనునే చూడవలెను. దానిని ఇరుపక్షములును ఒప్పుకొనిన వ్యక్తి పట్టుకొనవలెను. ప్రక్కనుండి తీసిన చిత్రములో గీత దాటని కాలు దాటినట్లును, దాటినది దాటనట్లును కనిపించును. ఒక్కొక్క జట్టునకు ఆటలో ఒకటి రెండు మార్లు మాత్రమే కోరు హక్కు ఉండవలెను. లేనిచో ప్రతి కూతకును పంచాయతీయే.

మూడవది: తీర్పరి తన తప్పును తెలిసికొనినచో, తరువాతి కూత మొదలగుటకు ముందే దిద్దుకొనవలెను. దిద్దుకొనినంత మాత్రమున ఆయన గౌరవము తగ్గదు. దిద్దుకొనలేనివాని గౌరవమే తగ్గును. తరువాతి కూత మొదలైనచో మాత్రము ఆ విషయము ముగిసినట్లే. ఇంటికి పోయిన తరువాత ఫోనులలో దానిని త్రిప్పి త్రిప్పి పంపి తీర్పరిని పరిహసించుట కూడదు. ఆయన కూలి లేని సేవకుడు. రేపు మరల మన పిల్లలకే ఈల పట్టవలసినవాడు.

నాలుగవది, అన్నింటికన్న ముఖ్యమైనది: తాకినట్లు తెలిసినవాడు తాకితినని చేయి ఎత్తవలెను. చెడుగుడులో కూతకు వచ్చినవాని వ్రేలు తన మోచేతిని తాకెనో లేదో పట్టువానికి తెలియును. ప్రక్కవానికి తెలియదు, తీర్పరికి తెలియదు. చేయి ఎత్తి బయటకు నడచిన పిల్లవానికి ఆ సాయంకాలమే నలుగురిలో ఒక మంచిమాట చెప్పుడు. పెద్దలు గెలిచినవానికే దండవేసి, సత్యము పలికి ఓడినవానిని వెక్కిరించినచో, పిల్లలు మన దండనుండియే పాఠము నేర్చుకొందురు. మన ఉపన్యాసమునుండి కాదు.

కడపటి మాట గ్రంథాలయమును గూర్చి. ఇరువదియైదేండ్లుగా ఈ సంస్థ ఏ యంత్రముతో నడచినది? పుస్తకము తీసికొనిపోవువాడు చిట్టాలో సంతకము చేయుచున్నాడు. చదివి తిరిగి తెచ్చుచున్నాడు. పుట చిరిగినచో ‘నా చేతనే చిరిగినది’ అని చెప్పిన పాఠకుడు ఉన్నందుననే బీరువాలో పుస్తకములు మిగిలినవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభను సమకూర్చిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారు ఊరూర గ్రంథాలయములను కోరినది ఈ నమ్మకము మీదనే. ప్రతి పాఠకుని వెంట కావలివానిని పంపుటకు ఆనాడును ధనము లేదు, ఈనాడును లేదు. చిట్టాలో నిజము వ్రాయు చేయియు, ఆటలో నిజమునకై లేచు చేయియు ఒక్కటే కావలెనని నా కోరిక.

యంత్రములు రానిండు. వానిని వాడుకొందము. రేపు ఇంకను సూక్ష్మముగా చూచు యంత్రము వచ్చును. కాని చొక్కా అంచు తాకిన సంగతి ముందుగా తెలియునది మనకే. యంత్రముకన్న ముందు మనమే చెప్పగలిగినచో, వచ్చు సంక్రాంతికి ఈల పట్టుటకు మన ఊరిలో మర్యాదస్థులు కొదువ కారు. అట్టి యువకులను ఈ గ్రంథాలయము ఇంకను ఇరువదియైదేండ్లు తయారుచేసి స్వర్ణోత్సవము జరుపుకొనుగాక!